జడ్జిగారికి ఏడు వారాల బస

బైండింగ్ గది,
సోమవారం, నాలుగో తేదీ

వదినా,

వచ్చింది! నిజంగా వచ్చింది! పోస్టులో కవరు రాగానే ఎక్కడి నుంచో తెలిసిపోయింది. చేతికి జిగురుందని రెండుసార్లు కడుక్కున్నాను, తుడుచుకున్నాను, మళ్ళీ కడుక్కున్నాను. ఆఖరికి పళ్ళతో చింపాను.

పోయిన చలికాలం ఆ పెద్ద లైబ్రరీలో పైపు పగిలి పటాల గదంతా నీళ్ళయిందని చెప్పానే, గుర్తుందా? దేశాల, సముద్రాల పటాల పుస్తకాలు రెండు వందల పన్నెండట. చేత్తో గీసి రంగులు వేసినవి, ఒక్కొక్కటీ తలుపు రెక్కంత. ఆరబెట్టారు గానీ కుట్లన్నీ ఊడిపోయాయి. మళ్ళీ కుట్టడానికి నలుగురంటే నలుగురినే పిలుస్తున్నారు. అందులో మీ ఆడపడుచు ఒకతి! ఇరవై రెండేళ్ళుగా ఆఫీసు రిజిస్టర్లూ, కాలేజీ పిల్లల రికార్డులూ, ఫోటో ఆల్బములూ కుట్టిన చేతులివి. ఆ పటాలు ముట్టుకోబోతున్నాయంటే నాకే నమ్మకం కలగడం లేదు.

ఏడు వారాల పని. లైబ్రరీ వెనకే గది ఇస్తారు. వస్తానో రానో ఇరవై అయిదో తేదీలోగా చెప్పాలి. ఇదివరకు వేరే పనులకు రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ కుదరదన్నాను. ఈసారీ కాదంటే ఇక నా పేరు కొట్టేస్తారు.

చిక్కల్లా ఒక్కటే. ఆ గదిలోకి కుక్కల్ని రానివ్వరు.

జడ్జిని వదిలి నేను ఒక్కరోజు కూడా ఎక్కడికీ వెళ్ళలేదని నీకు తెలుసు. నేను పక్కన కూర్చుంటే గానీ ముద్ద ముట్టడు. నేను ఫోన్ చెవికి ఆనించగానే పేగులు తెగేలా మొరుగుతాడు, అందుకేగా మనం ఈ కాలంలో కూడా ఉత్తరాలు రాసుకుంటున్నాం. వాణ్ణి వదిలి ఉన్నది ఒక్కసారే, మూడేళ్ళ క్రితం నా కంటి ఆపరేషన్ అప్పుడు, నీ దగ్గర. వారం రోజులూ ఎంత బుద్ధిగా ఉన్నాడో! ఇంతకంటే విడమరిచి అడగక్కర్లేదనుకుంటాను.

వెంటనే రాయి. ఇవాళ పని ఏదీ చేతికి రావడం లేదు, ఒక రిజిస్టరుకు అట్ట తలకిందులుగా అంటించాను.

నీ
చెల్లెలులాంటి దాన్ని, ఇవాళ మాత్రం మహారాణిని


మూడో వార్డు, నర్సుల గది,
గురువారం, ఏడో తేదీ

ఓసి మహారాణీ,

నీ ఉత్తరం చదివి ఈల వేశాను. హెడ్ నర్సు వార్డులో ఈల వేస్తే ఏమవుతుందో తెలుసా? మూడు రోజులుగా లేవనని మొండికేసిన అయిదో మంచం పెద్దాయన లేచి కూర్చుని ఎవరు, ఎవరు అన్నాడు. మా మరదలు పటాలు కుట్టడానికి వెళుతోందని చెప్పాను. ఆయన చప్పట్లు కొట్టాడు.

మీ అన్నయ్యనైతే పట్టలేకపోతున్నాం. కళ్ళజోళ్ళ షాపుకు వచ్చిన వాళ్ళను ముందు చార్టు చదవమనడం మానేసి, ముందు నీ ఉత్తరం చదవమంటున్నారు. చిన్నక్షరాలు కనబడని వాళ్ళకు తనే చదివి వినిపిస్తున్నారు.

ఇక జడ్జిగారి సంగతి. ఈసారి మా ఇంట్లో కుదరదే. నా మోకాలు బాగా సతాయిస్తోంది. ఇంటికి రంగులు వేయిస్తున్నాం. పక్కింటివాళ్ళు పిల్లిని తెచ్చుకున్నారు. అంచేత మంచి కుక్కల హాస్టల్ ఒకటి చూడు. ఇప్పుడు చాలా ఉన్నాయటగా.

ఎలా చూడాలో నేను చెబుతాను విను. ఆస్పత్రిని చూసినట్టే చూడాలి. ముందు గదిలో కుర్చీలు చూసి మోసపోకు, వెనక గదులు చూపించమను. చెప్పి వెళ్ళకు. వాసన చూడు. ఫినాయిల్ వాసన రావచ్చు, కుక్క వాసన రావచ్చు, అత్తరు వాసన మాత్రం రాకూడదు. అత్తరు కొట్టారంటే కింద ఇంకేదో ఉన్నట్టు. రాత్రి డ్యూటీలో ఎవరుంటారో అడుగు. జబ్బు చేస్తే ఏ డాక్టరు, ఎంతసేపట్లో వస్తాడో అడుగు. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు నిన్ను ఎన్ని ప్రశ్నలు అడుగుతారో లెక్కపెట్టు. ఏమీ అడగకుండా చేర్చుకునే ఆస్పత్రిలో నేనైతే చేరను.

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు గాబట్టి ఆజ్ఞలు వేయడం నీ హక్కే. కానీ ఈ ఒక్క విషయంలో నా ఆజ్ఞ విను. పద, వెతుకు!

వదిన


బైండింగ్ గది,
ఆదివారం, పదో తేదీ

వదినా,

మోకాలికి ఏమైంది? పోయిన నెల మీ ఆస్పత్రి వార్షికోత్సవం ఫోటోల్లో గెంతులేస్తున్నది ఎవరు మరి? సరేలే. ఒక్క మాట ఉంది, అనేసి ఊరుకుంటాను. జడ్జిని ఉంచుకుంటావనే అనుకున్నాను. కొంచెం నొచ్చుకున్నాను. అయిపోయింది, ఇక దాని గురించి రాయను.

ఇప్పుడు విను, రెండు హాస్టళ్ళు చూసొచ్చాను!

మొదటిదాని గుమ్మంలోనే నాకూ జడ్జికీ చెరో తువ్వాలు ఇచ్చారు. నేల అద్దంలా ఉంది, జడ్జి తన మొహం చూసుకుని తనమీదే గుర్రుమన్నాడు. నువ్వన్నట్టే అత్తరు, మామూలుగా కాదు, పెళ్ళికొడుకు పూసుకున్నంత. కోటు వేసుకున్న మేనేజరును వెనక గదులు చూపించమన్నాను.

"లోపలికి ఎలౌ చెయ్యమండీ, మన గెస్టులు డిస్టర్బ్ అయిపోతారు. ఇదిగో, స్క్రీన్ మీద లైవ్ చూడండి మేడమ్" అన్నాడు.

చూశాను. మెత్తటి పరుపుల మీద కుక్కలు, వెనక గోడకు గడియారం. ఆ గడియారంలో తొమ్మిదిన్నర అయింది. నా చేతి గడియారంలో సాయంత్రం నాలుగు. "మీ గడియారం ఆగిపోయిందాండీ?" అన్నాను. "లేదండీ, నడుస్తోందిగా" అన్నాడు పాపం. నిజమే, ముల్లు నడుస్తూనే ఉంది. ఏ నెలలో తీసిన తొమ్మిదిన్నరో! పైన పటారం లోన లొటారం అనుకుని తువ్వాళ్ళు తిరిగిచ్చేసి వచ్చాను.

రెండోది ఒక భార్యాభర్తల ఇల్లు. ఎంత మంచివాళ్ళో వదినా! జడ్జిని చూడగానే ఆవిడ నేలమీద కూర్చుని ముద్దులు పెట్టుకుంది. "మా పిల్లల్లాగే చూసుకుంటామమ్మా, ఇవాళే వదిలేసి వెళ్ళండి" అంది. పిల్లలు ఇరవై రెండు మంది, అందరూ ఒకే హాల్లో. నీళ్ళకు ఒకటే బకెట్టు. ఒక మూల ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు. టీకా కాగితాలు సంచీలోంచి తీసి ఇవ్వబోతే, "అయ్యో, మీమీద నమ్మకం లేకనా, ఉండనివ్వండి" అంది. నేను మొహమాటంతో సరేననేదాన్నే. జడ్జి గడపలో చతికిలబడి ఇక కదలలేదు. వాడి తీర్పే ఖాయం చేసి ఇంటికొచ్చాం.

ఇంకా పదిహేను రోజులుంది. భయం లేదు. సూది దగ్గర్నుంచి మైనం దారం దాకా అప్పుడే సర్దేశాను!

నీ మరదలు


ఇంట్లో, వంటగది బల్ల,
మంగళవారం, పన్నెండో తేదీ

అమ్మాయ్,

టీకా కాగితం అడగని చోట కాలు కూడా పెట్టకు. ఆ దగ్గు ఒక కుక్కది అయితే వారంలో ఇరవై రెండిటిదీ అవుతుంది. మంచితనం వేరు, చేతులు కడుక్కోవడం వేరు. రెండూ ఉన్నచోటు దొరికేదాకా తిరుగు.

మోకాలు ఆ రోజు బాగుంది, తర్వాత నొప్పి చేసింది. మోకాళ్ళంటే అంతే.

గడియారం కథ మీ అన్నయ్యకు చెబితే నవ్వి నవ్వి కళ్ళజోడు కింద పడేసుకున్నారు, పగిలింది. షాపు ఓనరే గనక ఏడవలేదు.

మూడోది చూడగానే రాయి.

వదిన


బైండింగ్ గది,
శుక్రవారం, పదిహేనో తేదీ

వదినా! వదినా!

దొరికింది. ఊరి చివర, మొక్కల నర్సరీ పక్కన. బోర్డు కూడా లేదు. నడిపే ఆవిడ ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపిందట, చుట్టుపక్కల అందరూ డ్రైవరమ్మ అనే అంటారు. మొన్న చెప్పకుండానే వెళ్ళాను. కుక్కల్ని లోపలికి తోలుతోంది. నావైపు చూడనైనా చూడకుండా చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. "ఆగండాగండి. తొమ్మిది, పది, పదకొండు. ఆఁ, ఇప్పుడు చెప్పండి" అంది. ఏ తలుపు వేసినా వేయకముందు తలలు లెక్కపెడుతుంది. బస్సు నాటి అలవాటట, ఇరవై ఆరేళ్ళలో ఒక్క పిల్లాణ్ణి కూడా మరచిపోలేదట.

అడక్కుండానే వెనకంతా తిప్పింది. గదులు పధ్నాలుగు, కుక్కలు పదకొండు, అందులో ఒకటి వారంలో ఇంటికి వెళ్ళిపోతుందట. మూడు ఖాళీగా ఎందుకున్నాయన్నాను. "ఒకటి జబ్బు చేసిన దానికి. ఒకటి కొట్లాటకోరుకి. ఒకటి నాకు" అంది. నిజంగానే రాత్రిళ్ళు అక్కడే పడుకుంటుంది! దుప్పటి మడత చూశాను, మా అమ్మమ్మ మడతకంటే నీటుగా ఉంది. గిన్నె దేనికది, వాటి మీద పేర్లు. నీళ్ళగాబు పాచి లేకుండా ఉంది. డాక్టరు పావుగంట దూరంలో.

నువ్వు లెక్కపెట్టమన్నావు కదా, ముప్ఫై ఒక్క ప్రశ్నలు! అచ్చువేసిన కాగితం ఇచ్చి, "తీరిగ్గా రాసి తెండి. చదివాక తీసుకునేదీ లేందీ చెప్తా" అంది. తాడి తన్నేవాడి తల తన్నేవాడంటే ఈవిడే. నేను ఆవిణ్ణి పరీక్షించడానికి వెళ్ళి పరీక్ష కాగితంతో తిరిగొచ్చాను.

ఆ కాగితంలో గీతలు ఇరుకుగా ఉన్నాయి, నా జవాబులు పట్టలేదు. అందుకని పుస్తకమే కుట్టేశాను! నలభై ఎనిమిది పేజీలు, నీలం గుడ్డ అట్ట, వెన్నుమీద జడ్జి పేరు. ఏం తింటాడు, ఎలా తింటాడు, వర్షం పడితే ఏం చేస్తాడు, నేను తుమ్మితే ఏం చేస్తాడు, అన్నీ రాశాను. ఇవాళే ఇచ్చి వచ్చాను. పద్దెనిమిదో ప్రశ్న మాత్రం నీకోసం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, చూసి మురిసిపో.

"ఎప్పుడైనా తప్పించుకు పోయిందా? గేటు తీయగలదా?"

"ఎన్నడూ లేదు. మా వదినగారింట్లో వారం రోజులు నేను లేకుండా ఉన్నప్పుడు కూడా గుమ్మం దాటలేదు. ఆవిడ పెద్దాస్పత్రిలో హెడ్ నర్సు, ఆవిడ మాటంటే మాటే. కావాలంటే అడిగి చూడండి."

నీ అడ్రసూ నంబరూ కూడా రాశాను. ఫోన్ వస్తే గట్టిగా చెప్పు!

నీ మరదలు


ఇంట్లో, తలుపు వేసుకుని,
సోమవారం, పద్దెనిమిదో తేదీ

అమ్మాయ్,

కూర్చుని చదువు.

డ్రైవరమ్మ ఇంకా ఫోన్ చేయలేదు. చేసేలోగా నీకు చెప్పాలి. మూడేళ్ళుగా తేలు కుట్టిన దొంగలా ఉన్నాను, ఇక ఉండలేను.

జడ్జి మా ఇంట్లోంచి తప్పించుకుపోయాడు. నువ్వు ఆపరేషనై కళ్ళకు కట్టుతో పడుకున్న వారం, మంగళవారం పొద్దున. మా పెరటి గేటుది పైకి లేపే గొళ్ళెం. వాడు ముక్కుతో దాన్ని ఎత్తి, భుజంతో నెట్టి, వెళ్ళిపోయాడు. ఎదురింటావిడ చూసింది. "ఎవరో పెద్దమనిషి ఆఫీసుకు బయల్దేరినట్టు పోయాడమ్మా, పరుగు కూడా తియ్యలేదు" అంది.

రెండు రోజులు కనబడలేదు. మీ అన్నయ్య ఊళ్ళో లేరు. డ్యూటీ చేస్తూ, దిగి వీధులన్నీ తిరుగుతూ, మళ్ళీ డ్యూటీకి వెళుతూ గడిపాను. అంబులెన్సు డ్రైవర్లందరికీ వాడి ఫోటో ఇచ్చాను. నీ నంబరు ఆరుసార్లు నొక్కి ఆరుసార్లూ ఆపేశాను. కంట్లో నీరు రాకూడదని నీకు డాక్టరు చెప్పాడు, అది వంక. గురువారం మధ్యాహ్నం ఒక డ్రైవరు చూశాడు. కలప కోసే మిల్లు వెనక, రంపపు పొట్టు కుప్ప మీద, మరో మూడు కుక్కల మధ్య పడుకుని ఉన్నాడు. నన్ను చూసి తోక ఊపాడు గానీ లేవలేదు. అక్కడి పనివాళ్ళు ఏం పెడితే అది తిన్నాడట. ఎవరూ పక్కన కూర్చోలేదట.

స్నానం చేయించాను. నువ్వు శనివారం వచ్చి, ఎంత బుద్ధిగా ఉన్నాడో అన్నావు. నేను తల ఊపాను. గురువారం దాకా నాకు వంక ఉంది. శనివారం నుంచి ఇవాళ్టి దాకా ఏ వంకా లేదు. సిగ్గు, అంతే.

నా మోకాలు నిక్షేపంలా ఉంది. రంగులు వేయించడం లేదు. పక్కింట్లో పిల్లి లేదు. ఇంకోసారి నీ కుక్కని నా చేతుల్లో పెట్టుకునే ధైర్యం లేక అన్నీ కల్పించాను.

ఈ ఉత్తరం డ్రైవరమ్మకు చూపించు. వాడు గొళ్ళెం ఎత్తగలడని ఆవిడకు తెలియాలి. నువ్వు నన్ను ఎంతైనా తిట్టు, ఆ పని మాత్రం ముందు చెయ్యి.

వదిన


బైండింగ్ గది,
బుధవారం, ఇరవయ్యో తేదీ

వదినకు,

చదివాను.

మూడేళ్ళు. ఎంతమందికి చెప్పుకున్నానో తెలుసా? మా వదిన దగ్గర వదిలితే నా దగ్గరున్నట్టేనని. పుస్తకం కుట్టి అందులో రాసి మరీ ఇచ్చాను, సాక్షిగా నిన్ను పెట్టి.

మీ వార్డులో పేషెంటు మంచం మీంచి పడితే రిపోర్టులో రాయరా? లేచి కూర్చున్నాడు కదా, తుడిచేశాం కదా అని ఊరుకుంటారా?

నువ్వే రెండు రోజులు పోగొట్టుకుంటే ఇక ముక్కూమొహం తెలియని బస్సు డ్రైవరు దగ్గర ఏడు వారాలు ఎలా వదలను? లైబ్రరీకి రానని రాసేస్తాను. సర్దిన పెట్టె విప్పేశాను.


మూడో వార్డు, నర్సుల గది,
గురువారం, ఇరవై ఒకటి, కొరియర్లో

అమ్మాయ్,

రాస్తాం. పేషెంటు పడితే ఎన్నింటికి పడ్డాడు, ఎవరు చూశారు, ఎక్కడ తగిలింది, అన్నీ రాస్తాం. ఇరవై ఏళ్ళుగా కొత్త నర్సులకు నేర్పుతున్నాను. నీ విషయంలో నేను రాయలేదు. తప్పు నాదే, నీ కోపం న్యాయమే. ఎన్నాళ్ళుంచుకుంటావో ఉంచుకో.

కానీ ఒకటి అడుగుతాను. మొదటిసారి లైబ్రరీ వాళ్ళు పిలిచినప్పుడు జడ్జికి జ్వరమన్నావు. రెండోసారి వాడు ముసలివాడవుతున్నాడన్నావు, అప్పటికి వాడికి అయిదేళ్ళు. ఆ రెండూ నేను వాణ్ణి పోగొట్టకముందు సంగతులే. నువ్వు భయపడేది వాడు ఉండలేడని కాదేమో. ఆ పటాల ముందు కూర్చున్నాక చెయ్యి వణుకుతుందేమోనని. వణుకుతుంది. మొదటి రోజు నాకూ సూది పట్టుకుంటే వణికింది. రెండో రోజు తగ్గింది.

మానేస్తే మానెయ్యి. కారణం రాయాల్సిన చోట మాత్రం నా పేరు రాయకు, జడ్జి పేరూ రాయకు.

వదిన


బైండింగ్ గది,
సోమవారం, ఇరవై అయిదో తేదీ

వదినా,

శుక్రవారం పొద్దున కొరియరు అందగానే నీ ఉత్తరం చించేద్దామనుకున్నాను. కాగితం మంచిది, మనసు రాలేదు. దాన్ని పైకి చదివి, నా జవాబులూ పైకే చెప్పాను. జడ్జి తల ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంచి ఇద్దరి వాదనలూ విని నిద్రపోయాడు.

తర్వాత నీ అంతకుముందు ఉత్తరం, మిల్లు సంగతి రాసినది, పట్టుకుని డ్రైవరమ్మ దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివింది. పొట్ట పట్టుకుని నవ్వింది! "ఆఫీసుకు బయల్దేరినట్టా!" అని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడంది కదా, "మా కుక్క ఎన్నడూ గేటు దాటలేదని రాస్తారు చూడండి, నాకు వాటితోనే భయం. వాళ్ళకి తెలీదు, నాకూ తెలీదు. కుక్కకి మాత్రం తెలుసు. మీ వదిన నాకిప్పుడు చెప్పేసింది. ఇంకేం కావాలి?" అక్కడికక్కడే జడ్జి గది గొళ్ళెం విప్పించి, కిందికి నొక్కి పక్కకి తిప్పేది వేయించింది. జడ్జి దాన్ని ముక్కుతో పావుగంట పరిశీలించి, నావైపు చూసి, వదిలేశాడు.

నా నీలం పుస్తకం బల్లమీదే ఉంది. పూర్తిగా చదివిందట. "ఇందులో నాలుగు పేజీలు కుక్కవి. నలభై నాలుగు మీవి. మీవి కూడా బాగున్నాయండీ, నిన్న పొద్దుపోయేదాకా చదివా. కానీ నాకు నాలుగు చాలు" అంది. నా కుట్టు నేనే విప్పి ఆ నాలుగూ తీసి ఇచ్చాను.

శనివారం ఒక రోజు పరీక్షగా ఉంచమంది. వదిలి వచ్చాను. వాడు వెనక్కి తిరిగి చూస్తాడని వీధి మలుపులో నిలబడ్డాను. చూడలేదు. ఆదివారం పొద్దున్నే వెళ్ళి కంచె బయటి నుంచి తొంగిచూస్తే తింటున్నాడు వదినా! పక్కన ఎవరూ లేరు. గిన్నె అడుగు శబ్దం వచ్చేదాకా నాకి, ఎదుటి గదిలో ముసలి ఆడకుక్కకు తోక ఊపాడు. నేను ఏడ్చాను. సంతోషమని రాస్తే సగం అబద్ధం. తొమ్మిదేళ్ళు వాడి పక్కన కూర్చుని తినిపించాను. వాడు తిన్నాక నేనూ తినేదాన్ని. ఒక్కదాన్నే కూర్చుని తినలేనిది నేనేనని కంచె పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది. నీకే చెబుతున్నాను, అన్నయ్యకు చెప్పకు, కళ్ళజోళ్ళ కోసం వచ్చిన వాళ్ళందరికీ తెలిసిపోతుంది.

ఇవాళ పదింటికి లైబ్రరీకి ఫోన్ చేశాను. జడ్జి పక్కనే నిలబడి మొరుగుతూనే ఉన్నాడు. "వస్తున్నాను" అని అరిచి చెప్పాను! అవతలావిడ కూడా అరిచి, "చాలా సంతోషం!" అంది. ఎల్లుండే ప్రయాణం! పెట్టె మళ్ళీ సర్దాను. రెండుసార్లు సర్దాను. కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

డ్రైవరమ్మ కాగితంలో నేను ఖాళీగా వదిలేసిన ప్రశ్న ఒకటుంది, ముప్ఫై ఒకటోది. మీరు లేనప్పుడు ఏదైనా జరిగితే ముందు ఎవరికి చెప్పాలి? ఇవాళ వెళ్ళి నీ పేరు రాసి వచ్చాను. కోపం పోయిందని కాదు. ఇంకా కొంచెం ఉంది. అయినా నీ పేరే రాశాను.

నీ మరదలు


డ్రైవరమ్మగారి హాస్టల్, మెట్ల మీద కూర్చుని,
శుక్రవారం, అయిదో వారం, మధ్యాహ్నం మూడు

అమ్మాయ్,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చు, కానీ నీ గొంతు వింటే సగం చెప్పి సగం మింగేస్తానని నాకే నామీద భయం. కొరియర్లో ఈ కవరు రేపు పొద్దున్నే నీ చేతికి వస్తుంది.

ఇవాళ పొద్దున ఎనిమిదీ పదికి జడ్జి ఎడమ ముందుకాలు తెగింది. నర్సరీ వైపు కంచె కింద పగిలిన పూలకుండీ పెంకు మట్టిలో ఉంది, ఎవరూ చూడలేదు. ఎనిమిదింబావుకు డ్రైవరమ్మ నాకు ఫోన్ చేసింది. ఎనిమిదీ ముప్ఫై అయిదుకు డాక్టరు వచ్చాడు. రక్తం బాగానే పోయింది, కొంచెం కాదు. నరం తెగలేదు. మూడు కుట్లు పడ్డాయి. సెలవు పెట్టి తొమ్మిది గంటల బస్సెక్కాను, ఒంటిగంటకు చేరాను. కట్టు నేనే విప్పి చూశాను. కుట్లు నీ అంత వరసగా లేవు గానీ గట్టిగా ఉన్నాయి. వాపు కొద్దిగా, జ్వరం లేదు. కుంటుతున్నాడు. మధ్యాహ్నం సగమే తిన్నాడు. నేను వచ్చాక మిగతా సగం తిన్నాడు, నేను పక్కన కూర్చోలేదు, నిలబడే ఉన్నాను.

డ్రైవరమ్మ ఏడ్చింది. ఇరవై ఆరేళ్ళ బస్సులో ఒక్క గీత పడలేదు, ఇక్కడ పడింది అంది. నర్సరీ వైపు మట్టంతా జల్లెడ పట్టిస్తోంది.

నేను ఆదివారం దాకా ఇక్కడే ఉంటాను, డ్రైవరమ్మ పడుకునే ఆ మూడో గదిలో, ఆవిడతో పాటు. రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రాస్తాను. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని.

ఇదంతా చదివి నువ్వు బస్సెక్కుతావని తెలుసు. ఎక్కితే తప్పనను.

వదిన


లైబ్రరీ, పటాల గది,
శనివారం

వదినా,

ఉత్తరం అందింది. నిలబడే చదివాను. వెంటనే బస్సు ఎన్నింటికో కనుక్కున్నాను. పదకొండుకు ఒకటుంది. పెట్టె కిందికి దించాను.

మళ్ళీ చదివాను. ఎన్నింటికి తెగింది, ఎంత రక్తం పోయింది, ఎవరు ఏడ్చారు, ఎంత తిన్నాడు. నువ్వు రాయకుండా దాచింది ఏమైనా ఉందా అని మూడోసారి వెతికాను. లేదు. మిల్లు సంగతి చదివిన రోజు నుంచి నాలో ఎక్కడో ఉన్న దడ ఒకటి అప్పుడు ఆగింది.

ఇప్పుడు పదకొండున్నర. బస్సు వెళ్ళిపోయింది. నేను ఇక్కడే ఉన్నాను. నా ముందు నూట డెబ్భై మూడో పుస్తకం ఉంది, సముద్రం పటాలు, నీలం ఇంకా ఎంత తాజాగా ఉందో! చెయ్యి వణకడం లేదు. సాయంత్రం ఉత్తరం కోసం చూస్తుంటాను.

నీ మరదలు